జుక్కల్ పిల్లలు దేని గురించి వాదించుకోవాలి?

పంద్రాగస్టు వచ్చినా, బాలల దినోత్సవం వచ్చినా మన బడుల్లో వక్తృత్వ పోటీలు తప్పవు. అంశాలు మాత్రం ఏళ్ళ తరబడి అవే: సెల్‌ఫోన్ వరమా శాపమా, పల్లె మేలా పట్నం మేలా, పర్యావరణ పరిరక్షణలో విద్యార్థుల పాత్ర. సారు రాసిచ్చిన రెండు పేజీలు కంఠతా పట్టి, మధ్యలో ఒక పద్యమూ చివర ఒక నినాదమూ చేర్చి, గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పిన పిల్లకు మొదటి బహుమతి. ఈ పోటీలను తీసిపారేయాల్సిన పనిలేదు. నలుగురి ముందు నిలబడాలంటే ఉండే బెరుకు పోతుంది, నాలుక తిరుగుతుంది. వీటినే చర్చలుగా లెక్కగట్టడం దగ్గరే పేచీ. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ‘శాపం’ పక్షాన మాట్లాడినవాడికి తన మాటలో తప్పుందేమోనన్న అనుమానం ఒక్క క్షణం కూడా కలగాల్సిన అవసరం రాదు. మన న్యాయశాస్త్రం ఈ వ్యవహారాన్ని ఎప్పుడో మూడుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసమే చేసేది జల్పం, తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడానికే చేసేది వితండం. మూడోది రోజూ రాత్రి టీవీ స్టూడియోల్లో చూస్తున్నాం. రెండోది బడి వేదిక మీద పిల్లలకు నేర్పుతున్నాం. మొదటిదానికి టైంటేబుల్లో చోటే లేదు.

ఈ లోటు అన్నిచోట్లా ఉన్నదే. కానీ జుక్కల్ లాంటి చోట దాని బరువు వేరు. కామారెడ్డి జిల్లా పడమటి కొసన, మూడు రాష్ట్రాలు ఒకదాన్నొకటి తాకే చోట ఉన్న మండలం ఇది. ఒకవైపు నాందేడ్ జిల్లా దెగ్లూర్, మరోవైపు బీదర్ జిల్లా ఔరాద్. 1956 దాకా ఈ నేల దెగ్లూర్ తాలూకాలోదే. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఆ తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. అందుకే ఇక్కడి తరగతి గదిలో తెలుగు మాట్లాడే ఇంటి పిల్లల పక్కన మరాఠీ, కన్నడ, ఉర్దూ, లంబాడీ మాట్లాడే ఇళ్ళ పిల్లలూ కూర్చుంటారు. పిల్లల బంధుత్వాలు సరిహద్దు దాటి ఉంటాయి, పెళ్ళిళ్ళు అటూ ఇటూ జరుగుతాయి, ఒక ప్రభుత్వం ఇచ్చే పథకం పక్క ఊళ్ళోని మేనత్త కూతురికి అందదు. ఇంత సరుకు కళ్ళెదుట పెట్టుకుని పల్లె మేలా పట్నం మేలా అని అడగడం విచిత్రం. విద్యార్థుల చర్చా వేదికలు కావాలనడం కొత్త మాట కాదు. నేను అంటున్నది దానికంటే కాస్త ఇరుకైన మాట. వేదిక మీదికి వచ్చే అంశం పిల్లల ఇంటికి దగ్గరిదై ఉండాలి. దాని మీద ఆధారాలు వాళ్ళే వెతికి పట్టుకోగలిగేలా ఉండాలి. జవాబు ముందే తేలిపోయి ఉండకూడదు. ఈ మూడూ లేనిది వక్తృత్వ పోటీయే, పేరు ఏదైనా కావచ్చు.

తెలంగాణలో చర్చా వేదికల చరిత్ర తిరగేస్తే ఈ మాటకు బలం దొరుకుతుంది. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లోని వివేకవర్ధని విద్యాసంస్థలో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే, స్త్రీ విద్యకూ వితంతు వివాహాలకూ జీవితం ధారపోసిన మనిషి. ఇతర భాషల ఉపన్యాసాలు సాఫీగా సాగిన ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే కొందరు గేలిచేసి, అల్లరి చేసి నోరెత్తనివ్వలేదు. సంస్కరణ కోసం కూడిన సభకే వినడం రాలేదన్నమాట. ఆ అవమానంతోనే తెలుగువాళ్ళు కొందరు ఆ రాత్రే ఆంధ్ర జన సంఘానికి పునాది వేశారు. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. తొలి మహాసభ 1930లో ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. ఆరో మహాసభ 1937లో నిజామాబాద్‌లో మందుముల నరసింగరావు అధ్యక్షతన నడిచింది. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద సర్కారు అనుమతి తెచ్చుకోవాల్సిన రోజులవి. ఆ సభల్లో నలిగిన అంశాలేమిటి? వెట్టిచాకిరి, బాల్యవివాహాలు, ఆడపిల్లల చదువు, మాతృభాషలో బోధన. అన్నీ వచ్చినవాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చినవే. పైగా ఆ మాటలు అప్పటికి తేలినవి కావు. సంప్రదాయవాదులూ సంస్కర్తలూ ఒకే పందిట్లో కూర్చుని తగువులాడుకున్నారు.

విద్యార్థులు, పడుచువాళ్ళు తమకు తాముగా నడుపుకున్న వేదిక కావాలంటే 1939లో హైదరాబాద్‌లో పుట్టిన కామ్రేడ్స్ అసోసియేషన్ ఉంది. మఖ్దూం మొహియుద్దీన్, రాజ్‌బహదూర్ గౌర్, ఆలం ఖుంద్‌మిరి లాంటివాళ్ళు అందులో చేరి దేశ విదేశాల సంగతుల మీద చదువుకున్నారు, వాదించుకున్నారు. అంతకు ముందు ఏడాదే ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం పాడినందుకు బహిష్కరణకు గురయ్యారు. పి.వి. నరసింహారావుతో సహా చాలామంది నాగపూర్ వెళ్ళి చదువు పూర్తిచేసుకోవాల్సి వచ్చింది. అంటే విద్యార్థుల నోటికి తాళం వేసిన మరుసటి ఏడే కొత్త వేదిక లేచింది. మాట్లాడే అంశం తమదైనప్పుడు పిల్లలు ఎవరూ రాసివ్వకుండానే మాట్లాడతారని దీన్నిబట్టి అర్థమవుతుంది. తర్వాత ఆ యువకుల్లో చాలామంది ఒకే పార్టీ దారి పట్టారు. అది వేరే సంగతి, దాని మీద రావాల్సిన అభ్యంతరం కింద వస్తుంది.

దగ్గరి అంశం అంటే ఏమిటో ఒకటి తీసుకుని చివరిదాకా నడిపి చూద్దాం. ‘కల్యాణలక్ష్మి పథకం వల్ల బాల్యవివాహాలు తగ్గాయా?’ ఇది జుక్కల్, పక్కనున్న మద్నూర్, బిచ్కుంద బడుల్లో ఏ తొమ్మిదో తరగతి పిల్లకైనా అర్థమయ్యే ప్రశ్న. ఆడపిల్ల పెళ్ళికి సర్కారు డబ్బిచ్చే ఈ పథకం 2014 అక్టోబర్ 2న 51 వేల రూపాయలతో మొదలైంది. 2018 నాటికి సాయం 1,00,116 రూపాయలకు పెరిగింది. పెళ్ళికూతురికి పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలన్నది షరతు. కాబట్టి తొందరపడి పెళ్ళి చేస్తే లక్ష పోతుందన్న భయంతో తల్లిదండ్రులు ఆగుతారన్నది అనుకూల పక్షం మొదటి మాట. దానికి లెక్క కూడా ఉంది. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ మధ్య వయసున్న స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళైనవాళ్ళు తెలంగాణలో 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 26.2 శాతం. 2019–21 సర్వేలో అది 23.5 శాతానికి దిగింది. వక్తృత్వ పోటీ అయితే ఇక్కడితో చప్పట్లు కొట్టి ముగిస్తారు. చర్చ ఇక్కడే మొదలవుతుంది.

ఎవరో ఒక పిల్ల లేచి, ఈ లెక్కలోని స్త్రీలు ఎవరని అడగాలి. తెలంగాణలో రెండో సర్వే 2019లో జరిగింది. అప్పటికి ఇరవై నాలుగేళ్ళున్న స్త్రీకి పథకం వచ్చేనాటికే పంతొమ్మిదేళ్ళు. ఆమె పెళ్ళి తొందరగా జరిగిందా లేదా అన్నది ఈ పథకం చేతిలో లేదు. ఇరవయ్యేళ్ళున్న అమ్మాయికి మాత్రం అప్పుడు పదిహేను, ఆమె విషయంలో పథకం పని చేసి ఉండవచ్చు. అంటే ఆ 23.5 అన్న అంకెలో పథకం తాకినవాళ్ళూ తాకనివాళ్ళూ కలిసిపోయి ఉన్నారు. ఇంకో పిల్లవాడు సరిహద్దు అవతలికి చూపు తిప్పాలి. అలాంటి పథకం లేని మహారాష్ట్రలో అదే కాలంలో ఆ శాతం 26.3 నుంచి 21.9కి పడింది. రెండు రాష్ట్రాలూ దాదాపు ఒకే మెట్టు మీద నుంచి బయల్దేరాయి, లక్ష ఇవ్వని రాష్ట్రమే ఎక్కువ మెట్లు దిగింది. కర్ణాటకలో 21.4 నుంచి 21.3, అంటే కదలిక లేనట్టే. ఇప్పుడు అనుకూల పక్షం ఊరుకుంటుందా? మహారాష్ట్ర లెక్కలో ముంబై, పుణె కలిసి ఉన్నాయంటారు. మనల్ని పోల్చాల్సింది మరాఠ్వాడాతో, అక్కడి పర్భణి, బీడ్ జిల్లాల్లో ఈ శాతం ఇదే సర్వేలో నలభై దాటిందంటారు. మరి మన వైపు హైదరాబాద్ కలిసి లేదా అని మొదటి పక్షానికి ఎదురు ప్రశ్న పడుతుంది. రాష్ట్రాన్ని రాష్ట్రంతో పోలిస్తే ఒక బొమ్మ, జిల్లాను జిల్లాతో పోలిస్తే మరో బొమ్మ. ఇవి శాంపిల్ సర్వేలు కాబట్టి రెండు మూడు శాతాల తేడాకు ఎంత బరువివ్వాలన్న లెక్కల మాస్టారి మాట కూడా మధ్యలో రావాలి.

గంట గడిచేసరికి ఎవరూ గెలవరు. పథకమే తగ్గించిందని ఈ లెక్కలతో రుజువు చేయలేం, తగ్గించలేదనీ చేయలేం. ‘ఇది అందరికీ తెలిసిందే కదా’ అంటూ వచ్చిన పిల్ల మాత్రం ఆ మాట మళ్ళీ అంత ధీమాగా అనలేదు. నా దృష్టిలో చర్చా వేదికకు ఉన్న మొత్తం విలువ ఈ ఒక్క మార్పులోనే ఉంది. ఈ అంశం వెంటే మరొకటి తయారుగా ఉంటుంది. ఆడపిల్లల కనీస వివాహ వయసును 21కి పెంచాలంటూ 2021 డిసెంబర్‌లో లోక్‌సభలో బిల్లు పెట్టారు, అది స్థాయీ సంఘానికి వెళ్ళి, 2024లో సభ రద్దుతో మురిగిపోయింది. అలాంటి బిల్లు మళ్ళీ రావాలా? పద్దెనిమిదనే అమలు చేయలేనివాళ్ళు ఇరవై ఒకటిని ఎలా అమలు చేస్తారు? పదో తరగతి తర్వాత బస్సు లేక చదువు ఆగిపోయే ఊళ్ళో వయసు పెంచితే అమ్మాయి ఆ మూడేళ్ళు ఏం చేస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సినవాళ్ళలో ఆ గదిలో కూర్చున్న అమ్మాయిలు కూడా ఉన్నారు. అందుకే ఒక నియమం మాత్రం కచ్చితంగా ఉండాలి. లెక్కలు, చట్టాలు, పథకాలు ఎంతైనా చర్చించవచ్చు, తరగతిలోని ఫలానా అమ్మాయి ఇంటిని, అక్క పెళ్ళిని ఉదాహరణగా ఎత్తకూడదు. దగ్గరి అంశాలకు ఉండే అసలు ప్రమాదం ఇదే. రాజకీయం కంటే ఇదే పిల్లలను ఎక్కువగా గాయపరుస్తుంది.

ఇక అభ్యంతరాలు. అందరికంటే ముందు వచ్చేది, ఇలాంటి అంశాలు పెడితే బడిలోకి రాజకీయాలూ కులాల కొట్లాటలూ వస్తాయన్నది. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని 1972 ఏప్రిల్ 14న పొడిచి చంపారు. ఆ తర్వాతి ఏళ్ళలోనూ కాలేజీల్లో రక్తం పారింది, 1980ల చివరికల్లా రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలే ఆగిపోయాయి. కామ్రేడ్స్ అసోసియేషన్ లాంటి వేదిక కూడా కాలక్రమంలో ఒక పార్టీకి దారి అయింది. కానీ ఎన్నికలు ఆపినంత మాత్రాన కులమూ పార్టీలూ విద్యార్థులను వదిలిపోయాయా? పదో తరగతి పిల్లవాడి చేతిలో ఫోనుంది. ఏ కులం గురించి ఏ పార్టీ ఏమంటున్నదో వాడికి వాట్సాప్ రోజూ చెబుతూనే ఉంది, ఎదురు ప్రశ్న వేసే మనిషి పక్కన లేకుండా. పద్దెనిమిదేళ్ళకు ఓటు 1989లోనే వచ్చింది. 2022 నుంచి పదిహేడు నిండగానే ఓటరుగా నమోదుకు ముందస్తు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు ఓటరు ఫారం ఇచ్చి, ఓటు వేయబోయే విషయం గురించి మాత్రం బడిలో మాట్లాడొద్దనడం పొసగదు.

మాట్లాడనివ్వాలా వద్దా అన్నది వదిలేసి ఎలా మాట్లాడనివ్వాలో చూస్తే దారులున్నాయి. జర్మనీలో హిట్లర్ అనుభవం తర్వాత పౌరశాస్త్రం ఎలా చెప్పాలన్న దాని మీద పెద్ద తగువు నడిచి, 1976లో బాయిటెల్స్‌బాఖ్ అనే ఊళ్ళో జరిగిన సమావేశంలో ఒక ఒప్పందం లాంటిది కుదిరింది. దాని సారం మూడు మాటలు. ఉపాధ్యాయుడు తన అభిప్రాయాన్ని పిల్లల మీద రుద్దకూడదు. సమాజంలో, విజ్ఞానరంగంలో వివాదంలో ఉన్న విషయాన్ని తరగతిలోనూ వివాదంగానే చూపించాలి. తన ప్రయోజనం ఎక్కడుందో తానే తేల్చుకునే శక్తి విద్యార్థికి రావాలి. మన ప్రభుత్వ ఉపాధ్యాయులు రాజకీయాల్లో పాల్గొనకూడదన్న సర్వీసు నిబంధన ఎలాగూ ఉంది. ఆ నిబంధనను మౌనంగా ఉండమన్న ఆజ్ఞగా తీసుకుంటున్నారు చాలామంది. తన పక్షం చెప్పకుండా ప్రశ్నలు మాత్రమే అడిగే సారుకు దాంతో వచ్చే ఇబ్బందేమీ లేదు, అతని పనికి అది రక్షణ కూడా.

కామారెడ్డి జిల్లాలో ఇలా వివాదంగానే చూపించాల్సిన విషయాలకు కొదవలేదు. 2023 నవంబర్ 10న కాంగ్రెస్ పార్టీ స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ఇస్తామన్న డిక్లరేషన్ ప్రకటించింది కామారెడ్డిలోనే. 2024 చివర్లో జరిగిన కుల సర్వే ముస్లిం బీసీలను కలుపుకుని రాష్ట్రంలో బీసీలు 56.33 శాతమని తేల్చింది. 2025 మార్చిలో శాసనసభ ఆ 42 శాతానికి బిల్లులు ఆమోదించింది, అక్టోబర్‌లో హైకోర్టు ఆ వాటాను అమలు చేసే ప్రభుత్వ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. మొత్తం రిజర్వేషన్లు సగం దాటకూడదన్న సుప్రీంకోర్టు మాట ఒకవైపు, జనాభాలో సగానికి పైగా ఉన్నవాళ్ళకు అంత వాటా ఎందుకు రాదన్న ప్రశ్న మరోవైపు. రెండింటికీ రాజ్యాంగంలోనే ఆధారాలు వెతుక్కోవచ్చు. జుక్కల్ లాంటి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో పెరుగుతున్న పిల్లలకు ఇది పుస్తకంలోని పాఠం కాదు. అలాగే 2023 జనవరిలో కామారెడ్డి పట్టణ ముసాయిదా మాస్టర్‌ప్లాన్‌లో తమ పొలాలను పారిశ్రామిక మండలంగా చూపారని చుట్టుపక్కల ఊళ్ళ రైతులు రోడ్డెక్కారు, చివరికి మున్సిపాలిటీ ఆ ముసాయిదాను రద్దు చేసింది. రైతుల భూమి నిలిచింది సరే, పెరిగే పట్టణానికి ఫ్యాక్టరీలూ రోడ్లూ ఎక్కడ రావాలి? ఈ ప్రశ్న వేసినంత మాత్రాన రైతు వ్యతిరేకి అయిపోరని పిల్లలకు తెలియాలి.

ఇంతకంటే పదునైన అభ్యంతరం ఒకటుంది, అది చర్చను ఇష్టపడేవాళ్ళ నుంచే వస్తుంది. ప్రతి విషయానికీ రెండు పక్షాలుంటాయని పిల్లలకు నేర్పితే అన్యాయానికి కూడా ఒక పక్షం ఉందని నమ్ముతారు కదా అని. నిజమే. అంటరానితనం ఉండాలా వద్దా అని అనుకూలంగా ఐదుగురిని, వ్యతిరేకంగా ఐదుగురిని నిలబెట్టడం దుర్మార్గం. రాజ్యాంగం 17వ అధికరణ ఆ తలుపు మూసేసింది. ఆ అంశం మీద ‘అనుకూల’ పక్షం వినాల్సిన దళిత విద్యార్థి ఏం నేరం చేశాడు? కాబట్టి అంశాన్ని ఎంచుకోవడమే సగం పని. తేలిపోయిన నీతి మీద ఓటింగు పెట్టకూడదు, తేలని విధానం మీద పెట్టాలి. మధ్యాహ్న భోజనంలో వేరు పంక్తులు కూర్చోబెట్టడం తప్పా అన్నది చర్చ కాదు. అలా జరిగిందని తెలిస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం బడి వరకు ఎలా వర్తిస్తుంది, సాక్ష్యం చెప్పే పిల్లలకు రక్షణ ఏది అన్నది చర్చ. ఈ తేడా చూడలేని వేదిక లేకపోవడమే మేలు, ఆ మాత్రం ఒప్పుకోవాలి.

పరీక్షలున్నాయి, సిలబస్ పూర్తికాలేదన్నది తల్లిదండ్రుల అభ్యంతరం. తమాషా ఏమిటంటే మన సాంఘికశాస్త్రం పుస్తకాల్లో పాఠం పాఠానికీ చర్చించమని ప్రశ్నలున్నాయి, వాటికి జవాబులు గైడుల్లో అచ్చై ఉన్నాయి. చర్చకు ‘జవాబు’ రాసిపెట్టుకుని చదివే తరం మనది. ఇక మార్కుల సంగతికి వస్తే, అమెరికాలో బోస్టన్ ప్రభుత్వ బడుల డిబేట్ జట్లలో చేరిన పిల్లల పదేళ్ళ రికార్డులను బెత్ షూలర్, కేథరిన్ లార్నెడ్ పరిశీలించి 2023లో ప్రచురించారు. ఇంగ్లీషు పఠన పరీక్షల్లో వచ్చిన మెరుగుదల తొమ్మిదో తరగతి పిల్లలు ఏడాదిలో నేర్చుకునేదాంట్లో సుమారు మూడింట రెండొంతులుంది, అదీ మొదట్లో వెనకబడ్డ పిల్లల్లోనే ఎక్కువ. లెక్కల మార్కుల్లో లాభమూ లేదు, నష్టమూ లేదు. చేరేవాళ్ళు ఎలాగూ ఉత్సాహవంతులే కదా అన్న శంక సహజం. అందుకే వాళ్ళు చేరకముందు, చేరిన తర్వాత అదే పిల్లల మార్కులను పోల్చి చూశారు. బోస్టన్ జుక్కల్ కాదు, అక్కడి ఫలితం ఇక్కడ అచ్చంగా వస్తుందని నేను హామీ ఇవ్వను. వారానికో పీరియడ్ చర్చకిస్తే మార్కులు పడిపోతాయన్న భయానికి మాత్రం ఆధారం దొరకడం లేదు.

వేదిక పెట్టాక ఎవరు మాట్లాడతారన్నది వీటన్నిటికంటే కష్టమైన చిక్కు. వదిలేస్తే పది మందిలో ముగ్గురే మాట్లాడతారు, ఆ ముగ్గురూ దాదాపు ఎప్పుడూ మగపిల్లలే, పుస్తకాల తెలుగు బాగా వచ్చినవాళ్ళే. ఇంట్లో మరాఠీ మాట్లాడే అమ్మాయి బుద్ధిలో ఉన్నది నోటికి రాక ఊరుకుంటుంది. ఆమె యాసకు ఎవరో నవ్వితే ఇక మళ్ళీ లేవదు. వివేకవర్ధనిలో ఆలంపల్లి వెంకటరామారావుకు జరిగింది మన తరగతి గదుల్లో మరాఠీ, లంబాడీ పిల్లలకు జరగకూడదు. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం రావడంతో ఈ చిక్కు ఇంకో ముడి పడింది. నా ఉద్దేశంలో చర్చా వేదికలో భాషా నియమం ఒక్కటే ఉండాలి, అవతలివాళ్ళకు అర్థమయ్యేలా ఎవరైనా అనువదించి చెప్పగలిగితే ఏ భాషైనా సరే. మాట్లాడే ముందు అందరూ ఐదు నిమిషాలు కాగితం మీద తమ మాట రాసుకోవాలి. తర్వాత ఇద్దరిద్దరుగా చెప్పుకోవాలి, ఆ తర్వాతే సభ. సగం సమయం కాగానే పక్షాలు మార్చాలి, ఇంతసేపూ ఖండించినదాన్ని ఇప్పుడు సమర్థించాలి. బహుమతి ఇచ్చి తీరాలంటే అభిప్రాయం మార్చుకుని ఎందుకు మార్చుకున్నదీ చెప్పగలిగినవాళ్ళకు ఇవ్వండి. గట్టిగా అరిచినవాడికి లోకం ఎలాగూ ఇస్తుంది.

చివర ఓటింగు పెడితే పెద్దలకు మింగుడుపడని తీర్మానం నెగ్గితే ఏమిటి? 1933 ఫిబ్రవరి 9న ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో విద్యార్థులు, రాజు కోసమూ దేశం కోసమూ యుద్ధం చేయబోమన్న తీర్మానాన్ని 275–153 ఓట్లతో నెగ్గించారు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి, దేశం పరువు పోయిందన్నారు. ఆరేళ్ళకు యుద్ధం రానే వచ్చింది, ఆ తరం ఆక్స్‌ఫర్డ్ యువకులు ఎందరో సైన్యంలో చేరారు. ఒక సాయంత్రం వేసిన ఓటు జీవితకాలపు ప్రమాణం కాదు. ఆ మాట ముందు పెద్దలకు అర్థం కావాలి, పిల్లలకు అది తెలుసు.

ఖర్చు మాట ఎత్తేవాళ్ళకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక గది, ఒక రిజిస్టరు, వారానికో గంట, వినడం తెలిసిన ఒక టీచరు. ఆఖరిదే కరువు, దాన్ని ఏ నిధులూ తీర్చవు. బిచ్కుంద డిగ్రీ కళాశాల విద్యార్థులు నెలకోసారి చుట్టుపక్కల ఉన్నత పాఠశాలలకు వచ్చి నడిపించినా సగం భారం తీరుతుంది. మొదటి ఏడాదికి అంశం కావాలంటే నేనైతే లెండి ప్రాజెక్టును సూచిస్తాను. మహారాష్ట్ర ముఖేడ్ తాలూకాలో కట్ట, నీళ్ళు మద్నూర్, బిచ్కుంద వైపు దాదాపు 22 వేల ఎకరాలకు రావాలి. 1980ల్లో మొదలైన పని ఈ పిల్లల తాతల కాలం నుంచి సాగుతూనే ఉంది. ఇటువైపువాళ్ళకు అది రాని నీళ్ళ కథ, అటువైపు ముంపు ఊళ్ళవాళ్ళకు పోయే ఇళ్ళ కథ. దెగ్లూర్ లేదా ముఖేడ్ బడి పిల్లలను పిలిచి ఒక పూట మద్నూర్‌లో ఉమ్మడి చర్చ పెడితే, అటువాళ్ళ మరాఠీని తెలుగు చేసి చెప్పడానికి బయటి మనుషులెవరూ అక్కర్లేదు. ముంపు పరిహారం ఎంతమందికి అందింది, కాలువ ఎంతవరకు తవ్వారు, ఏ రాష్ట్రం తన వాటా సొమ్ము ఎంత కట్టిందన్న లెక్కలు మాత్రం రెండు వైపులా నీటిపారుదల కార్యాలయాల నుంచి తెప్పించుకోవాలి. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబివ్వడానికి ముప్పై రోజుల గడువుంటుంది, అక్కడితో తేలక అప్పీలుకు వెళ్ళాల్సి వస్తే ఇంకో నెల. సంక్రాంతి సెలవుల తర్వాత చర్చ పెట్టాలంటే దసరా నాటికే దరఖాస్తులు పోస్టులో పడాలి.